ముద్ద అందని మోచెయ్యి

ఈమధ్య ఒక పెద్ద ఆస్పత్రివాళ్లు నన్ను పిలిచి శాలువా కప్పారు. రిటైరైన నర్సుకు శాలువా కప్పాక ఇంకేం చెయ్యాలో తోచక, ఆపరేషను గదులు చూపిస్తామని తిప్పారు. ఒక గదిలో చిన్న సిస్టరమ్మ స్టీలు పెట్టె మూత తీసి చూపించింది. మోచేతిలో బయటివైపు ఎముక తల చితికిపోతే దాని స్థానంలో పెట్టే లోహపు తలలట. గాజుల కొట్టులో పెట్టినట్టు వరసగా సైజులు. పొట్టివి, పొడుగువి, సన్నవి, వెడల్పువి. తల వేరే, మెడ వేరే తీసుకుని కావలసినట్టు బిగించుకోవచ్చట.

"ఎవరి మోచేతికి ఏది సరిపోతే అది పెడతాం మేడమ్" అంది, అదేమంత విశేషమన్నట్టు.

నాకు నవ్వొచ్చింది. మా రోజుల్లో ఒక్కటే ఉండేది. మోచెయ్యే వెళ్లి దానికి సరిపోవాలి. ఆ కథ చెబితే ఆ పిల్ల సగంలో ఫోను చూసుకోవడం మొదలుపెట్టింది. అందుకని రాస్తున్నాను. చదివేవాళ్లు సగంలో ఫోను చూసుకున్నా నాకు కనపడదు.

సాగరు దగ్గర ఆనకట్ట కడుతున్న రోజులవి. నేను నరసరావుపేటలో ఒక ఆస్పత్రిలో ఆపరేషను గది సిస్టరుని. ఆస్పత్రి పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. ఇందులోవాళ్లందరూ జవాబు చెప్పలేని చోటికి వెళ్లిపోయారు. నేనొక్కదాన్నే మిగిలాను కదా అని పేరుపేరునా ఏకిపెట్టడం న్యాయం కాదు. పేర్లు లేకుండా ఏకిపెడితే తప్పు లేదనుకుంటాను.

మా పెద్ద డాక్టరుగారు ఇంగ్లండులో చదివి వచ్చారు. వస్తూ ఒక ఓవర్‌కోటు, ఒక పెట్టెడు పుస్తకాలు, ఒక గుండీ తెచ్చారు. పల్నాటి ఎండల్లో ఓవర్‌కోటు ఎందుకో ఆయనకే తెలియాలి. పుస్తకాలు ఆయన చదువుకునేవారు. గుండీని మాత్రం ఊరందరికీ చూపించేవారు.

గుండీ అని మేం పెట్టుకున్న పేరు. చూడటానికి చిన్న పుట్టగొడుగులా ఉండేది. పైన నున్నటి లోహపు తల, కింద ఎముక గొట్టంలోకి దిగే మేకు. మోచెయ్యి మడిచినా, అరచెయ్యి తిప్పినా లోపల తిరిగేది ఆ ఎముక తలే. బరువెత్తినప్పుడు మోచెయ్యి పక్కకు ఒరిగిపోకుండా అడ్డంగా నిలబడేదీ అదే. ఎవరైనా చెయ్యి ఆనించి పడితే ముందు చితికేదీ అదే. అలా చితికినప్పుడు ముక్కలు తీసేసి ఆ చోట ఈ గుండీ దిగ్గొడితే మోచెయ్యి మళ్లీ నిలబడుతుందని మా పెద్ద డాక్టరుగారి నమ్మకం.

నీలం మఖమలు పెట్టెలో ఉండేది అది. తాసిల్దారు చూశాడు, పత్తి మిల్లు యజమాని చూశాడు. పాస్టరుగారు చూసి దాని మీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన కూడా చేశారు. ఎవరి మోచెయ్యి విరగాలని ప్రార్థించారో నేను అడగలేదు. మొత్తానికి ఆ గుండీకి తగిన మోచెయ్యి ఎప్పుడొస్తుందా అని ఆస్పత్రి ఆస్పత్రంతా ఎదురుచూసింది.

ఒక్క రెండో డాక్టరుగారు తప్ప. ఆయన గురజాల వైపు మనిషి. విదేశాల మొహం చూడలేదు, చూడాలని అనుకోలేదు. చితికిన ఎముక తల గురించి ఆయన వైద్యం రెండే మాటలు. తీసెయ్యి, పారెయ్యి. చాలామందికి దాంతో బాగానే ఉండేది. కానీ ఎముకతో పాటు పక్కన కీలును కట్టి ఉంచే నరాల పట్టీ కూడా తెగిపోయినవాళ్లకు మాత్రం మోచెయ్యి మడత బందు ఊడిన తలుపులా ఊగేది. బిందె ఎత్తబోతే చెయ్యి ఒకవైపు, బిందె ఒకవైపు పోయేవి. అలాంటివాళ్లు తిరిగొచ్చినప్పుడు రెండో డాక్టరుగారు సెలవులో ఉండేవారు.

మాచర్ల రైల్లో వచ్చి దిగాడు మా మోచెయ్యి. అంటే ఆ మోచెయ్యి గల మనిషి. మేం మాత్రం మోచెయ్యి వచ్చిందనే అన్నాం. నాపరాళ్ల గనిలో పలకలు ఎత్తి బండికి వేసే మనిషి. పలక జారి, దానితో పాటు తనూ జారి, కుడిచెయ్యి ఆనించి పడ్డాడు. ఊళ్లో కట్టు కట్టే ఆయన దగ్గరికి వెళితే, ఆయన గుడ్డు సొన, మినప్పిండి కలిపి పట్టు వేసి, చెయ్యి ఇంకా వాచిపోయేసరికి పేట పొమ్మన్నాడట. వెంట భార్య ఉంది. మనిషి మౌనం, భార్య మాటకారి. ఆ ఇంట్లో ఇద్దరి మాటలూ ఆవిడే మాట్లాడేది.

ఎక్స్‌రే తీశాం. మోచెయ్యి కీలు తప్పింది, ఎముక తల పిండైంది. పెద్ద డాక్టరుగారు ఆ ఫొటోను కిటికీ వెలుతురులో పెట్టి చూస్తూ, పెళ్లి ఫొటో చూసినంత సంతోషపడ్డారు. రోగి ఎముకలు చూసి అంత ఆనందించిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

"మా ఆయన రాళ్లెత్తాలి బాబుగారూ. అది తప్పితే ఇంకో పని రాదు" అంది భార్య.

"ఎత్తుతాడమ్మా. ఇదివరకటి కంటే గట్టిగా ఉంటుంది" అన్నారు పెద్ద డాక్టరుగారు. ఆ ఒక్క మాట మాత్రం ఆయన నిలబెట్టుకున్నారు, అదే మా చిక్కంతా.

ఆపరేషను బ్రహ్మాండంగా జరిగింది. అంటే పుస్తకంలో ఎక్కడ గీత ఉందో అక్కడ ఎముక కోశారు, గుండీ దిగ్గొట్టారు. ఎముకల మధ్య అది ఇరుగ్గా కూర్చుంది. పక్కన నరాల పట్టీ తెగి వేలాడుతోంది. రెండో డాక్టరుగారు దాన్ని పటకారుతో ఎత్తి చూపించారు.

"దీన్ని కుట్టొద్దా?"

"గుండీ ఉండగా కుట్టెందుకు? ఎంత బిగువుగా ఉందో చూడండి. కదలదు."

"కదలదు, సరే. మడిచి చూడండి ఒకసారి."

"వాపు మీద మడత పడదు. తగ్గాక అదే పడుతుంది" అన్నారు పెద్ద డాక్టరుగారు. నేను చర్మం కుట్టడానికి దారం అందించాను. ఆ రోజు అందరం కాఫీ తాగాం.

వాపు తగ్గింది, కట్టు విప్పాం. మడత పడలేదు. నలుచదరపు మూలంత మడత దాటి చెయ్యి కొంచెం ముందుకు వస్తుంది, అక్కడ ఆగుతుంది. తలుపు కింద రాయి పెట్టినట్టు టక్కుమని ఆగుతుంది. అప్పట్లో వ్యాయామాలు చేయించడానికి వేరే మనుషులు లేరు. ఆ పని నాదే. రోజూ నూనె రాసి, వేణ్ణీళ్లు పోసి, మడవబోతాను. ఆయన పళ్లు బిగబట్టి చూస్తూ ఉంటాడు. అరిచేది భార్య.

మరి బలం? బలం అద్భుతం. ఇసుక బకెట్టు ఎత్తుతాడు, మోచెయ్యి వెంట్రుకవాసి ఊగదు. పెద్ద డాక్టరుగారు రోజూ వచ్చి మోచేతిని పక్కకు వంచి చూసి, "రాయి, రాయి!" అని మురిసిపోయేవారు. నిజమే, రాయిలాగే ఉంది. రాళ్లు కూడా మడత పడవు.

ఒకరోజు మధ్యాహ్నం వార్డులోకి వెళితే గని మనిషి మంచానికి అడ్డంగా చీర కట్టి ఉంది. చీర వెనక భార్య ఆయనకు అన్నం కలిపి పెడుతోంది. పక్క మంచాలవాళ్లు ఊరుకుంటారా?

"ఏమే అత్తా, చందమామను కూడా చూపియ్యి, ఇంకో ముద్ద తింటాడు" అన్నాడొకడు.

ఆవిడ చీర తప్పించి బయటికొచ్చి వాడికి చెప్పవలసింది చెప్పింది. అది ఇక్కడ రాయను. తర్వాత నా చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్లింది.

"సిస్టరమ్మా, చెయ్యి చానా బాగు చేశారు, కాదన్ను. ఇంక ఆ నోరు రవ్వంత దగ్గరికి జరిపియ్యమను మీ డాక్టరుగార్ని."

"కొంచెం ఓపిక పట్టమ్మా. ఎడమచేత్తో తినమనరాదూ అప్పటిదాకా?"

ఆవిడ నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. "ఎడం చేత్తో కూడు తింటాడా? నువ్వు తింటావా? ఇంట్లో అయితే నేను పెడతా, చచ్చినట్టు తింటాడు. మరి గనికాడ? మద్దేన్నం పూట అందరూ వరసన కూకొని తింటారు. ఆడ నేను బోయి వొళ్లో కూకోబెట్టుకొని తినిపియ్యనా? పస్తుండి రాళ్లెత్తుతాడా?"

ఈ మాటలు నేను ఉన్నవి ఉన్నట్టుగా పెద్ద డాక్టరుగారికి చేరవేశాను. ఆయన నవ్వి పుస్తకం తీశారు. అందులో ఇలాంటి మోచేతికి ఎంత మడత చాలునో చూపించే బొమ్మ ఉంది. కోటు, టై వేసుకున్న దొర ఒకాయన బల్ల ముందు కూర్చుని ఫోర్కుతో బంగాళాదుంప ముక్క తింటున్నాడు. మన మనిషి మోచెయ్యి కూడా అంతే మడత పడుతోంది. ఇంకేం కావాలి?

పరీక్ష కూడా చేశారు. తన బంగళా నుంచి ఫోర్కు తెప్పించి, కొసకు రొట్టె ముక్క గుచ్చి, ఆ గని మనిషి చేతిలో పెట్టారు. ఆయన దాన్ని చూసి భయపడ్డాడు. ఎలాగో నోటిదాకా తెచ్చాడు. ఫోర్కు జానెడు పొడుగు, చెయ్యి ఎక్కడ ఆగినా రొట్టె నోటికి చేరింది. మేం చప్పట్లు కొట్టాం. పల్నాడులో రాళ్లెత్తే మనుషుల్లో ఫోర్కుతో రొట్టె తిన్న మొదటివాడు ఆయనే అయి ఉంటాడు. రెండో డాక్టరుగారు మాత్రం తలుపు దగ్గర నిలబడి, "పాపం, గనిలో ఫోర్కులు దొరుకుతాయో లేదో" అన్నారు.

అంతటితో ఆగితే బాగుండేది. కానీ విజయం సాధించాక నలుగురినీ పిలవకపోతే ఎలా? గుంటూరు నుంచి డాక్టర్లు, పేటలో పెద్దలు, అందరికీ కబుర్లు వెళ్లాయి. ఆస్పత్రి ఆవరణలో షామియానా వేశారు. పెద్ద డాక్టరుగారు ఓవర్‌కోటు తప్ప అన్నీ వేసుకున్నారు. గని మనిషికి తెల్ల చొక్కా కుట్టించి వేదిక ఎక్కించారు. నీళ్ల బకెట్టు ఎత్తించారు. ఒక నాపరాతి పలక తెప్పించి ఎత్తించారు. చప్పట్లు. గుంటూరు డాక్టర్లు ఒక్కొక్కరే వచ్చి ఆయన మోచేతిని పక్కకు వంచి చూసి, సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు తలలూపారు. మడిచి చూడాలని ఒక్కరికీ తోచలేదు. వేదిక మీద మోచెయ్యి నిలబడుతుందా లేదా అన్నదే విషయం. మనిషి తింటాడా లేదా అన్నది విషయం కాదు.

తర్వాత భోజనాలు. పెద్దలకు బల్లలు, కుర్చీలు, చెంచాలు. మిగతావాళ్లకు ఎదురుగా చాపల మీద విస్తళ్లు. ఆ రోజు కథానాయకుడు కనుక గని మనిషిని మొదటి విస్తరి ముందు కూర్చోబెట్టారు. అందరికీ కనపడేటట్టు. భార్య ఆడవాళ్ల వరసలో ఎక్కడో దూరంగా ఉంది.

అన్నం, ముద్దపప్పు, నెయ్యి, గోంగూర పచ్చడి వడ్డించారు. ఆయన కలిపాడు. చక్కగా, నింపాదిగా కలిపాడు. ముద్ద చేశాడు, ఎత్తాడు. చెయ్యి ఛాతీ దాటి వచ్చి గాలిలో ఆగిపోయింది. నోటికీ ముద్దకూ మధ్య బెత్తెడు ఖాళీ. ఆయన కొంచెం మెడ వంచాడు. చాలలేదు. ఇంకా వంచాలంటే విస్తట్లో మూతి పెట్టినట్టే. అది ఆయనకూ తెలిసింది. ముద్ద మళ్లీ విస్తట్లో పెట్టాడు. చుట్టూ చూశాడు. అందరూ తింటున్నారు. వడ్డించేవాడు వచ్చి, "ఏం, సరిపోలేదా? ఇంకొంచెం పప్పు వెయ్యనా?" అన్నాడు.

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. అంత ఆకలిగల మనిషి, కలిపిన అన్నం అలాగే వదిలేసి, నేరుగా వార్డుకు నడిచి వెళ్లిపోయాడు. నేనూ నా విస్తరి మడిచేసి లేచాను.

బల్ల దగ్గర ఒక పెద్దమనిషి, "ఈ రోజు ఉపవాసమేమో" అన్నాడు భక్తిగా.

దూరం నుంచి భార్య లేచి వచ్చింది. ఆయన వదిలేసిన విస్తరి ముందు నిలబడి పెద్ద డాక్టరుగారితో అంది. "రాయెత్తించి చూశారు, బకెట్టెత్తించి చూశారు. ఒక్క ముద్ద ఎత్తించి చూడకపోయారా బాబూ?"

పెద్ద డాక్టరుగారి చేతిలో చెంచా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనకు తోచలేదు.

ఆ మర్నాటి నుంచి ఆయన "రాయి, రాయి" అంటూ వార్డుకు రావడం మానేశారు. నీలం మఖమలు పెట్టె బల్ల మీద నుంచి మాయమైంది. ఒకరోజు నన్ను గదికి పిలిచి, కుడిచేతి చొక్కా మడిచి చాపారు.

"సిస్టర్, పిండి కట్టు వెయ్యండి."

"అయ్యో, ఎక్కడ పడ్డారు సార్?"

"పడలేదు. అతని మోచెయ్యి ఎంతవరకు మడత పడుతుందో సరిగ్గా అక్కడ బిగించండి."

అంత శ్రద్ధగా నేను ఎవరికీ కట్టు వెయ్యలేదు. ఆరేదాకా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. తర్వాత వంటమనిషి పళ్లెంలో అన్నం, పప్పు తెచ్చి పెట్టి, కట్టు వంక చూస్తూ వెళ్లాడు. సరిగ్గా అప్పుడే రెండో డాక్టరుగారికి ఆ గదిలో ఏదో పని పడింది. ఆయనకు అలాంటి పనులు సరైన సమయానికే పడేవి.

పెద్ద డాక్టరుగారు అన్నం కలిపారు. ముద్ద ఎత్తారు. చెయ్యి గాలిలో ఆగింది. మెడ వంచారు, నడుం వంచారు, కుర్చీలోంచి సగం లేచారు. ముద్ద టై మీద పడింది.

"ఫోర్కు తెప్పించమంటారా?" అన్నారు రెండో డాక్టరుగారు, ఎంతో మర్యాదగా.

పెద్ద డాక్టరుగారు ఎడమచెయ్యి పళ్లెం దాకా పోనిచ్చి, ఆగి, వెనక్కి తీసుకున్నారు. "చిన్నప్పుడు ఒకసారి ఈ చేత్తో తింటే మా అమ్మ వాత పెట్టింది" అన్నారు. ఇంగ్లండు నుంచి వచ్చాక ఆయన వాళ్ల అమ్మ మాట ఎత్తడం నేను వినడం అదే మొదటిసారి. కాసేపటికి, "ఈ గుండీ చేసినవాడికి అన్నం తినేవాళ్లున్నారని తెలియదు. నాకు తెలిసి ఉండాలి కదా" అన్నారు. అప్పుడు నాకు ఆయన మీద కోపం పోయింది. కట్టు మాత్రం వెంటనే కొయ్యలేదు, కత్తెర కనపడలేదన్నాను.

ఆ కట్టుతోనే ఇద్దరు డాక్టర్లూ పళ్లెం పక్కకు జరిపి వాదించుకున్నారు. ఇప్పటి సిస్టరమ్మాయిలూ, మీరు పెద్ద పెద్ద మాటల్లో చదువుకునే సంగతంతా ఆ ఎంగిలి పళ్లెం పక్కన తేలింది. గుండీ పొడుగైతే కీలు బిర్రబిగుసుకుని నిలబడుతుంది, కానీ మడత పడదు. ఎదురుగా ఉన్న ఎముకను రోజూ ఒరుసుకుని అరగదీస్తుంది కూడా. పొట్టిదైతే హాయిగా మడత పడుతుంది, కానీ అడ్డం నిలబడదు, బరువెత్తితే చెయ్యి ఒరుగుతుంది. అసలు లేకపోతే ఆ తెగిన పట్టీతో అది ఊగే తలుపే. ఈ రెండింటి మధ్య ఎక్కడో ఒక చోటుంది, అది ఏ పుస్తకంలోనూ గీత గీసి లేదు.

చిన్న గుండీ తెప్పిద్దామంటే ఓడలో రావాలి, ఎప్పుడొస్తుందో తెలియదు. ఈ లోహాన్ని అరగదీసే ఆకురాయి పేటలో లేదు. పెద్ద డాక్టరుగారే అన్నారు చివరికి. "గుండీ ఎత్తు తగ్గదు. అది కూర్చునే పీట ఎత్తు తగ్గించొచ్చు. కింద ఎముక ఇంకొంచెం కోద్దాం."

"ఎక్కువ కోస్తే ముద్ద అందుతుంది, రాయి లేవదు" అన్నారు రెండో డాక్టరుగారు.

"అతన్నే అడుగుదాం."

వార్డుకు వెళ్లి అడిగారు. ఒకటి, ఉన్నది ఉన్నట్టు ఉంచడం. రెండు, గుండీ పూర్తిగా తీసెయ్యడం. మూడు, మళ్లీ కోసి సరిచెయ్యడం, అది కుదరొచ్చు, కుదరకపోవచ్చు. రాయి ముఖ్యమా, ముద్ద ముఖ్యమా చెప్పమన్నారు. భార్య నోరు తెరవబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. మా ఆస్పత్రికి వచ్చిన తర్వాత ఆయన మాట్లాడిన మొదటి పెద్ద మాట ఇదే.

"రాయెత్తేది ముద్ద కోసమే గదయ్యా. రెండిట్లో ఒకటి కోరుకోమంటే ఎట్టా? కొయ్యండి."

ఆపరేషను రోజు భుజం దగ్గర సూది వేసి చెయ్యి మొద్దుబారేటట్టు చేశారు. మనిషి మెలకువగానే ఉన్నాడు. పాత కోత తెరిచి గుండీ బయటికి లాగారు. ఎదురు ఎముక మీద అప్పటికే చిన్న గుంట పడి ఉంది. పెద్ద డాక్టరుగారు దాన్ని వేలితో తడిమి చూశారు. కింద ఎముక కొద్దిగా కోసి, గుండీ మళ్లీ దించారు.

"ఇప్పుడు దేనితో కొలుద్దాం?" అన్నారు రెండో డాక్టరుగారు.

"నోటితో" అన్నారు పెద్ద డాక్టరుగారు.

ఇలాంటి కొలత ఏ సిస్టరూ సిద్ధం చేసి ఉండదు. రోగి నోరు మా శుభ్రమైన గుడ్డల అవతల ఉంది. నేను ఉడికించిన తువ్వాలు ఒకటి ఆయన ముఖం మీదుగా పరిచి, చుట్టిన చేతిని పట్టుకుని మెల్లగా మడిచాను. గడ్డం దగ్గర ఆగింది. గుండీ తీశారు, ఇంకొంచెం కోశారు, మళ్లీ దించారు. మళ్లీ మడిచాను. ఈసారి వేళ్లు తువ్వాలు మీద నుంచి పెదవులను తాకాయి. తాకగానే తువ్వాలు కింద ఆయన నోరు తెరుచుకుంది. అది నా వేళ్లకు తెలిసింది. ఎన్ని నెలల నుంచో ఆ చెయ్యి నోటికి రావడం మానేసినా, నోరు అలవాటు మానలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గ్లవుజులు వేసుకుని ఉన్నాను కనుక తుడుచుకునే వీలు లేదు, మాస్కు పుణ్యాన ఎవరూ చూడలేదు.

"అందింది సార్" అన్నాను.

పెద్ద డాక్టరుగారు రోగి చేతిని చాపి పక్కకు వంచి చూశారు. ఒరిగింది. కొంచెమే, కానీ ఒరిగింది. నేను రెండో డాక్టరుగారి వైపు చూశాను. తీసెయ్యండి, పారెయ్యండి అనడానికి అంతకంటే మంచి సమయం ఆయనకు రాదు. ఆయన అనలేదు. లోపల వెతికి ఆ పాత పట్టీ కొసను పటకారుతో పట్టుకుని ఎత్తారు. మొదటిరోజు ఎత్తి చూపించిన పట్టీయే.

"ఇప్పుడైనా కుట్టనిస్తారా?"

"మొదటే కుట్టనివ్వాల్సింది. కుట్టండి" అన్నారు పెద్ద డాక్టరుగారు.

నేను లావుపాటి పట్టుదారం ఎక్కించి ఇచ్చాను. ఎముకకు చిన్న రంధ్రాలు చేసి ఆ పట్టీని బిగించి కుట్టారు. మళ్లీ వంచి చూశారు. నిలబడింది. మడిచి చూశాను. పెదవులకు అందింది. గుండీ ఒక్కటే నిలబెట్టలేదు, పట్టీ ఒక్కటే నిలబెట్టలేదు. కీలును ఒంటరిగా నిలబెట్టే మొనగాడు ఎవడూ లేడని ఇద్దరు మొనగాళ్లకూ ఒకేసారి తెలిసింది. అయ్యాక ఎవరూ కాఫీ తాగలేదు. ఎవరికీ గుర్తులేదు.

తర్వాత నా వ్యాయామాలు మళ్లీ మొదలు. ఈసారి అరుపులు తక్కువ, ఫలితం ఎక్కువ. ఇంటికి పంపే ముందు పెద్ద డాక్టరుగారు పరీక్ష పెట్టారు. ఫోర్కు లేదు, వేదిక లేదు, గుంటూరు డాక్టర్లు లేరు. వార్డులో మంచం పక్కన కింద చాప వేయించి, పళ్లెంలో అన్నం, గోంగూర పచ్చడి, నూనె పెట్టించారు. గోంగూర ఆ భార్య ఊరి నుంచి తెచ్చిందే. పెద్ద డాక్టరుగారు కూడా ఎదురుగా చాప మీద కూర్చున్నారు, సూటు ప్యాంటు నలిగేటట్టు. రెండో డాక్టరుగారు స్తంభానికి ఆనుకున్నారు. పక్క మంచాలవాళ్లందరూ లేచి కూర్చున్నారు. భార్య మాత్రం పళ్లెం పక్కనే కూర్చుంది, అవసరమైతే తనే పెట్టేటట్టు చెయ్యి కడుక్కుని సిద్ధంగా.

ఆయన కలిపాడు, ముద్ద చేశాడు, ఎత్తాడు. చెయ్యి ఛాతీ దాటింది, గడ్డం దాటింది, నోటికి చేరింది. తిన్నాడు. వార్డులో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అన్నం తింటే చప్పట్లేమిటి అనుకున్నారేమో. ఆయన నమిలి మింగాడు.

"ఇంక నాతో పనేముందిలే నీకు" అంది భార్య. గొంతు మాత్రం వేరేగా ఉంది.

ఆయన రెండో ముద్ద చేశాడు. దాన్ని నోటికి తెచ్చుకోలేదు. చెయ్యి చాపి, అందరి ముందూ, ఆవిడ నోటి దగ్గర పెట్టాడు. ఆ రోజుల్లో మొగుడు పెళ్లానికి నలుగురిలో అన్నం తినిపించడమంటే మాటలా? వార్డంతా బిగుసుకుపోయింది.

"ఏందయ్యా ఇది, అందరూ చూత్తుండారు. సిగ్గుల్యా?" అని ఆయన్ను కసిరింది. ఆయన చెయ్యి తియ్యలేదు. ఊగలేదు కూడా. చివరికి ఆవిడ కళ్లు మూసుకుని ఆ ముద్ద తిన్నది. ఎన్ని నెలలు ఆ చీర వెనక తను పెట్టిందో, అదంతా గుర్తొచ్చిందేమో, కొంగు ముఖాన కప్పుకుని కూర్చుండిపోయింది.

మా పరీక్షలో ఆ భాగం లేదు. పెద్ద డాక్టరుగారు ఆ చాచిన చేతినే చూస్తూ ఉన్నారు. కళ్లజోడు తీసి తుడుచుకుని, రెండో డాక్టరుగారితో అన్నారు.

"చెయ్యి చాపడం కూడా బాగానే వచ్చింది."